పాట అందుకునేవాళ్ళున్న చోటికి

మడకశిర, అమరాపురం, గుడిబండ, రొళ్ల, అగళి మండలాల పల్లెల్లో భజన ఊరందరి పాట. గురువు ఒక చరణం ఎత్తుకుంటాడు, చుట్టూ నిలబడ్డవాళ్ళు అందుకుంటారు, చేతుల్లోని చెక్కలూ కాళ్ళ గజ్జెలూ తాళం చూసుకుంటాయి. సేద్యం చేసేవాళ్ళు, కూలికి పోయేవాళ్ళు, గొర్రెలు మేపేవాళ్ళు పగటి పని ముగించుకుని వచ్చి, రామాలయం ముందర నెలల తరబడి రాత్రిపూట అడుగులు నేర్చుకుంటారు. గజ్జెపూజ అయ్యాకే ఊరి ముందు ఆడతారు. పడమటి దేశాల్లో ఒక ఊరి జనమో, ఒక పేట జనమో కూడి పాడే బృందాలు ఉంటాయి. ఉద్యోగాలు చేసుకుంటూ, తీరిక వేళల్లో సాధన చేసి, వీలు చూసుకుని దేశాలు దాటి పాడి వస్తుంటాయి. మన చెక్కభజన, పండరి భజన, కోలాటం బృందాలు వాటికి ఏ విధంగానూ తక్కువ కావు. మరి మన పల్లె బృందం కూడా అలా విదేశానికి పోవచ్చా? పోతే ఎవరి కోసం, ఏ షరతుల మీద?

కరువు నేలలో ఈ ప్రశ్నకు బరువెక్కువ. పాత అనంతపురం జిల్లా ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరుగుతుంది. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన మడకశిర ప్రాంతంలో పంట పోయిన ఏడు జనం బెంగళూరు దారి పడతారు. బృందంలో నలుగురు వలస పోతే ఆ ఏడు భజన పలచబడుతుంది. ఇలాంటి చోట విదేశీ యాత్ర మాట ఎత్తినప్పుడు అటూ ఇటూ వచ్చే వాదాలను ఇక్కడ ఇద్దరి నోట పెడుతున్నాను. ఒకరు చెక్కభజన నేర్పే గురువు, యాత్ర వద్దనే పక్షం. మరొకరు రిటైరైన తెలుగు సారు, పోవాలనే పక్షం. ఇద్దరూ ఏ ఒక్క వ్యక్తికీ ప్రతిరూపాలు కారు. వాదాలు మాత్రం నిజమైనవి.

గురువు: సారూ, భజనకు ప్రేక్షకులంటూ ఉండరు. నా అభ్యంతరమంతా ఈ ఒక్క మాట మీదే నిలబడి ఉంది. శివరాత్రి జాగరణలో అరుగు మీద కూర్చున్న ముసలామె కూడా రెండో చరణం అందుకుంటుంది, బిడ్డను చంకనేసుకున్న తల్లి తాళం వేస్తుంది. పాడేవాళ్ళకూ వినేవాళ్ళకూ నడుమ గీత లేదు. విదేశంలో వేదిక ఎక్కించిన రోజే ఆ గీత పడుతుంది. ఇరవై మంది బృందంలో నుంచి టికెట్ల ఖర్చు చూసి ఆరుగురిని ఏరుతారు. మూడు గంటలు నడిచే భజనకు సినిమా పాటకూ సన్మానానికీ మధ్య పది నిమిషాలు ఇస్తారు. ఆరుగురు పది నిమిషాలు తిరిగితే అది భజన అవుతుందా? పల్లె మనుషుల్ని తీసుకుపోయి చూపించే తతంగం కొత్తదేం కాదు. 1885లో లండన్‌లో లిబర్టీ అనే పెద్ద దుకాణం మన దేశం నుంచి నలభై మంది దాకా చేతిపనివాళ్ళనూ ఆటపాటలవాళ్ళనూ తెప్పించి, బాటర్సీలో 'భారతీయ గ్రామం' అని పెట్టి జనానికి చూపించింది. ఆ చలిలో వాళ్ళు నానా అగచాట్లు పడ్డారు, ఒప్పుకున్న మాట నిలబెట్టలేదని మొర పెట్టుకున్నారు, వ్యాపారంగా కూడా అది దెబ్బతింది. పిలిచేవాడి అవసరం మీద నడిచే యాత్ర ఎట్లా ముగుస్తుందో చెప్పడానికి ఆ ఒక్కటి చాలు.

సారు: అన్నా, మనుషుల్ని వస్తువుల్లా చూపించే ప్రయాణానికి నేనూ ఒప్పుకోను. అయితే 1885 కంటే పన్నెండేళ్ళ ముందే అదే లండన్‌కు ఇంకో రకం యాత్ర వచ్చింది. అమెరికాలో అంతర్యుద్ధం ముగిశాక, బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతి వారి చదువు కోసం 1866లో నాష్‌విల్‌లో ఫిస్క్ విద్యాలయం మొదలైంది. ఐదేళ్ళు తిరక్కముందే డబ్బుల్లేక మూతపడే స్థితి వచ్చింది. అప్పుడు జార్జ్ వైట్ అనే ఉద్యోగి తొమ్మిది మంది విద్యార్థులతో బృందం కట్టి 1871 అక్టోబరు 6న పాటల యాత్ర మొదలుపెట్టాడు. వాళ్ళలో ఎక్కువమంది బానిసలుగా పుట్టినవాళ్ళే. మొదట్లో తెల్లవాళ్ళకు అలవాటైన పాటలే పాడారు. తమ తల్లిదండ్రులు చాటుమాటుగా పాడుకున్న భక్తి గీతాలు పవిత్రమైనవని, వాటిని పరాయివాళ్ళ ముందు వేదిక మీద పెట్టడానికి వెనకాడారు. భజన గురించి మీరంటున్నదీ ఇదే కదా. చివరికి ఆ పాటలే పాడారు. నల్లవాళ్ళను వెక్కిరించే వేషాలకు అలవాటుపడ్డ జనం ఆ గానం ముందు తల వంచారు. 1873లో బ్రిటన్‌కు పోయి విక్టోరియా రాణి ఎదుట పాడారు. యాత్రల్లో కూడబెట్టిన డబ్బుతో కట్టిన జూబిలీ హాల్ 1876లో తెరుచుకుంది, ఇవాళ్టికీ నిలబడి ఉంది. వేదిక ఎక్కినంత మాత్రాన ఆ పాటల పవిత్రత పోలేదు. వాటిని పుట్టించిన జనం గౌరవం పెరిగింది.

ఇంకో సంగతి. భజన ఎప్పుడూ ఒకే చోట కూర్చోలేదు. వార్కరీలు పండరిపురానికి వందల మైళ్ళు పాడుతూనే నడుస్తారు. తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహనాల ముందు ఆడిపాడడానికి మూడు నాలుగు రాష్ట్రాల నుంచి కోలాటం బృందాలూ భజన బృందాలూ పోతున్నాయి. మన జిల్లాలోనే పుట్టపర్తికి క్రిస్మస్ వేళ పరదేశపు భక్తులు వచ్చి బృందగానం చేస్తారు. వాళ్ళు సముద్రం దాటి వచ్చి పాడడం భక్తి అయినప్పుడు, మనం దాటి పోయి పాడడం తప్పు ఎందుకవుతుంది?

గురువు: మీరు చెప్పిన ఫిస్క్ కథలో రెండో సగం కూడా ఉంది సారూ. ఏళ్ళ తరబడి ఊరూరూ తిరిగి వాళ్ళ ఆరోగ్యాలు దెబ్బతిన్నాయి, 1878కి ఆ బృందం అలసిపోయి విడిపోయింది. విద్యాలయానికి భవనం వచ్చింది, పాడినవాళ్ళు శరీరాలతో దాని ధర చెల్లించారు. ఇక తిరుమల సంగతి. అక్కడ మాడవీధుల్లో నిలబడ్డవాళ్ళంతా గోవింద నామం పలుకుతారు. అది మా పాటను అందుకునే చోటు, అందుకే అక్కడికి పోతే మేం పరాయివాళ్ళం కాము. నేను భయపడేది అందుకోవడం తెలియని చోటికి పోవడం గురించి. పేరు వస్తే బతుకు బాగుపడుతుందని కూడా అంటారు. ఢిల్లీ షాదీపూర్ దగ్గర కఠ్‌పుత్లీ కాలనీ చూడండి. 1980ల్లో బ్రిటన్, అమెరికా, ఫ్రాన్సుల్లో ప్రభుత్వం జరిపిన భారత ఉత్సవాల కాలం నుంచీ అక్కడి కట్టెబొమ్మలాటవాళ్ళు, గారడీవాళ్ళు, పాటగాళ్ళు దేశదేశాలు తిరిగారు. తిరిగొచ్చి మళ్ళీ అదే మురికివాడలో ఉన్నారు. 2017లో ఆ ఇళ్ళను కూడా పడగొట్టారు. లోకమంతా చప్పట్లు కొట్టినా సొంత పట్టణంలో నిలువ నీడ దక్కలేదు. ఇది చూశాక కూడా పిల్లలకు విమానం ఆశ పెట్టమంటారా?

సారు: పెట్టొద్దు. కఠ్‌పుత్లీ కాలనీ చెప్పే పాఠాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. యాత్ర ఒక్కటే ఎవరి బతుకునూ మార్చదు. వాళ్ళ వెనక ఇంటి దగ్గర నిలబడ్డ వ్యవస్థ బలంగా లేకపోవడమే అక్కడి లోపం. ఇప్పుడు రాజస్థాన్ ఎడారిలోనే ఇంకో ఉదాహరణ చూద్దాం. వాన లెక్కలో మన అనంతపురాన్ని ఎప్పుడూ జైసల్మేర్ పక్కనే పెడతారు. ఆ జైసల్మేర్, బాడ్‌మేర్ పల్లెల్లో మాంగణియార్లు, లంగాలు అనే గాయక కులాలు ఉన్నాయి. కోమల్ కొఠారీ, విజయదాన్ దేథా కలిసి 1960లో బోరుందా గ్రామంలో రూపాయన్ సంస్థాన్ పెట్టారు. ఊరూరూ తిరిగి పాటలు రికార్డు చేశారు, వాయిద్యాల వివరాలు రాసుకున్నారు, ఎవరి పాట ఎవరిదో గుర్తించారు. ఆ పునాది మీద గాయకులు విదేశాలకు పోయారు. 2006లో రోయిస్టన్ ఏబెల్ రూపొందించిన 'మాంగణియార్ సెడక్షన్' ప్రదర్శన నలభై మందికి పైగా గాయకులూ వాద్యకారులతో దేశదేశాలు తిరిగింది. ఆరుగురిని ఏరి పంపితే చాలని ఎవరూ అనలేదు.

మన సీమలోనే సురభి ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన నాటక సమాజం అది. తరతరాలుగా కుటుంబాలకు కుటుంబాలే నటులు, రంగస్థల పనివాళ్ళు, సంగీతకారులు. 2013లో ఫ్రాన్స్‌లోని మెట్జ్ నగరంలో జరిగిన నాటకోత్సవానికి పెద్ద బృందంగా, తమ తెరలతో, తమ మాయలతో పోయి తెలుగులోనే ఆడారు. కుదించుకుని పోయి ఉంటే అది సురభి అయ్యేది కాదు. కాబట్టి మీ మొదటి అభ్యంతరం నుంచి నాకు దొరికే నియమం ఇది: పూర్తి బృందం, పూర్తి నిడివి. ఆ రెండూ కుదరనప్పుడు పిలుపు ఎంత పెద్ద చోటు నుంచి వచ్చినా వద్దనాలి.

గురువు: వద్దనే ధైర్యం డబ్బున్నవాళ్ళకు వస్తుంది సారూ. మా పిల్లలకు రోజు కూలి పోతే ఇంట్లో ఇబ్బంది. పోయే నెల ఏది? జూన్, జూలైలో శెనక్కాయ విత్తనం, ఆగస్టులో కలుపు, దసరా దాటాక పీకుడు. ఆపైన కార్తీకం, ధనుర్మాసం, శివరాత్రి, ఉగాది, శ్రీరామనవమి, ఊరి జాతర. భజన బృందం ఊర్లో లేని పండుగ ఒక్కటి చూపించండి. పోయేదెవరు అన్నది ఇంకా పెద్ద తగువు. ఏళ్ళ తరబడి ఎండలో ఆడినవాడు ఊర్లో ఉండిపోయి, పలుకుబడి ఉన్నవాడి బావమరిది గజ్జెలు కట్టుకుని విమానం ఎక్కుతాడు. పంజాబులో 'కబూతర్‌బాజీ' అని పేరుపడ్డ కేసులు మీకు తెలుసు. కళాబృందాల చాటున మనుషుల్ని విదేశాలకు దాటించి, అక్కడే వదిలేసి వచ్చారని కోర్టుల దాకా పోయాయి. ఆ మచ్చ వల్ల పాస్‌పోర్టులో ఒక్క ముద్ర కూడా లేని కూలివాణ్ణి వీసా ఇచ్చే చోట అనుమానంగా చూస్తారు. ఇరవై మందిలో ఐదుగురికి వీసా రాకపోతే మీ పూర్తి బృందం నియమం ఏమవుతుంది?

సారు: ఒక్కొక్కటే తీసుకుందాం. కాలం సంగతి మీరే సగం తేల్చారు. శివరాత్రికీ ఉగాదికీ నడుమ ఒక నెల ఖాళీ ఉంది. పొలంలో పంట లేని కాలం అది. మామూలుగా మీ పిల్లలు బెంగళూరు పనులకు పోయే రోజులు అవే. రెండు వారాలకు మించని యాత్ర అందులో ఇముడుతుంది. ఆ రెండు వారాల కూలి పిలిచేవాళ్ళే ఇవ్వాలి, అదీ బయలుదేరే ముందే, బృందంలో అందరికీ సమానంగా. ప్రయాణం, బస, ఆరోగ్య బీమా వాళ్ళవే. ఇవన్నీ తెలుగులో రాసిన ఒప్పందంలో ఉండాలి, సంతకం పెట్టేముందు ఊర్లో చదివి వినిపించాలి. లండన్‌లో 1885లో లోపించింది అలాంటి ఒప్పందానికి అండగా నిలబడే చేయి. ఎవరు పోవాలన్న తగువుకు ఊరి దగ్గరే మందు ఉంది. గజ్జెపూజ చేసుకుని, కనీసం రెండేళ్ళు ఊరి భజనల్లో ఆడినవాళ్ళ పేర్లు రామాలయం గోడ మీద రాసి పెట్టండి. ఆ జాబితా బయటివాడు పోవడానికి లేదు. ఎవరు ఆడారో ఎవరు ఆడలేదో ఊరందరికీ తెలుసు కాబట్టి అక్కడ అబద్ధం నిలవదు.

వీసా విషయంలో మీ భయం సబబైనదే. అమెరికాకు ఇలాంటి సంప్రదాయ కళాబృందాల కోసం పీ-3 అనే వీసా వర్గం ఉంది. పిలిచే సంస్థే ముందుగా అక్కడి ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టి, ఆ కళ ఒక ప్రత్యేక సంస్కృతికి చెందినదని రుజువులు చూపాలి. రుజువులంటే రికార్డులు, ఫోటోలు, వ్యాసాలు, ఇంతకుముందు పాడిన చోట్ల వివరాలు. మన పల్లె బృందాల్లో ఎన్నింటికి అవి ఉన్నాయి? రూపాయన్ సంస్థాన్ చేసిన పని ఇక్కడ అవసరమయ్యేది ఇందుకే. యాత్ర జరిగినా జరగకపోయినా పాటలను రికార్డు చేయడం, గురువుల పేర్లు, శిష్యుల పేర్లు, పాటల వరుసలు రాసిపెట్టడం మొదలుపెట్టాలి. విదేశీ ప్రయాణం అనే గడువు ముందుంటే దశాబ్దాలుగా వాయిదా పడ్డ ఆ పని ఏడాదిలో జరుగుతుంది. ఒకవేళ వీసాలు రాకపోయినా ఆ రికార్డు ఊరికి మిగులుతుంది.

గురువు: రికార్డు మాటకు నేను అడ్డు చెప్పను. కానీ ఏ దేశానికి పోవాలన్నది మీరింకా చెప్పలేదు. అందరికీ ముందు గుర్తొచ్చేది అమెరికా. 1977 నుంచి అక్కడ తెలుగు మహాసభలు జరుగుతున్నాయి. వేలమంది వస్తారు, సినిమావాళ్ళు వస్తారు, నాయకులు వస్తారు. ఆ సందడిలో మా పాట ఎవరు అందుకుంటారు? ఇంకొకటి. మడకశిర చుట్టూ కర్ణాటకే. శిర, పావగడ, మధుగిరి, గౌరిబిదనూరు మాకు హిందూపురం లాగే ఇరుగుపొరుగు. అమరాపురం మండలం హేమావతి వెయ్యేళ్ళ కిందట నొళంబ రాజుల రాజధాని హెంజేరు. మా భజనలో పురందరదాసు కన్నడ పదం అవగానే రామదాసు కీర్తన వస్తుంది. కైవారం తాతయ్య ఊరు కర్ణాటకలో ఉంటే ఆయన తత్వాలు తెలుగులో ఉన్నాయి. తెలుగు సభకు పోయి కన్నడం పాడొద్దంటే మా భజనలో సగం ఊర్లోనే వదిలిపోవాలి. ఇంతకంటే వాళ్ళనే ఇక్కడికి రమ్మనవచ్చు కదా? 2009 మే 10న సికింద్రాబాద్ పరేడ్ మైదానంలో లక్షన్నర మందికి పైగా గొంతు కలిపి అన్నమయ్య సంకీర్తనలు పాడారు. దాన్ని నడిపింది కాలిఫోర్నియాలో పుట్టిన సిలికానాంధ్ర అనే సంస్థ. అక్కడివాళ్ళు ఇక్కడికి వచ్చి అంత పెద్ద బృందగానం కట్టగలిగినప్పుడు మేం పోవాల్సిన పనేముంది?

సారు: అమెరికా మహాసభ మొదటి గమ్యం కాకూడదని నేనూ అంటాను. మన బృందం మొదట పోవాల్సింది మారిషస్‌కు. అక్కడి చెరకు తోటల్లో కూలి పని కోసం 19వ శతాబ్దంలో మన కోస్తా పల్లెల నుంచి వేలమంది పోయారు. 1843లో కోరంగి రేవు నుంచి కోరంగి పాకెట్ అనే ఓడలో తెలుగువాళ్ళు పోయిన సంగతి అక్కడి తెలుగు సంఘాలు ఇప్పటికీ చెప్పుకుంటాయి. ఆ వంశాలవాళ్ళు ఇవాళ ఇళ్ళల్లో ఎక్కువగా మాట్లాడేది క్రియోల్. తెలుగు బడిలో నేర్చుకునే భాష అయింది. మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో తెలుగు శాఖ ఉంది, ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభ జరిగింది ఆ ద్వీపంలోనే. ఇంత కాలం గడిచినా, మాటలో తెలుగు సన్నగిల్లినా వాళ్ళు విడవనిది రామభజన. గుంపుగా కూడి, ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకుంటూ, తాత ముత్తాతలు తీసుకుపోయిన ఆ పాటను ఇప్పటికీ పాడుతున్నారు. మీరు అడిగిన చోటు అదే కదా అన్నా? అక్కడ మీకు ప్రేక్షకులు ఉండరు. రెండో చరణం అందుకునేవాళ్ళు ఉంటారు.

కన్నడం గురించి మీ ఆవేదన న్యాయమైనది. అమెరికాలో క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి త్యాగరాజ ఆరాధన జరుగుతోంది. అక్కడ పంచరత్న కీర్తనలను గుంపుగా పాడేవాళ్ళలో తమిళులు, కన్నడిగులు, మలయాళీలు ఎందరో. తెలుగు మాతృభాష కానివాళ్ళు తెలుగు పాటను తమదిగా పాడుతున్నప్పుడు, తెలుగువాళ్ళ ముందు మీరు పురందరదాసును పాడితే ఎవరూ చిన్నబుచ్చుకోనక్కర్లేదు. ఒకే రాత్రి రెండు భాషల్లో దేవుణ్ణి పిలిచే ఊళ్ళు ఉన్నాయని చూపడం మడకశిర బృందం ఒక్కటే చేయగల పని. సగం వదిలి రమ్మనే పిలుపును తిప్పికొట్టాలి. ఇక 2009 నాటి గానం గొప్పదే. ఒక రోజు లక్ష గొంతులు కలిస్తే ఉత్సాహం పుడుతుంది, అడుగులు నేర్పడానికి మాత్రం నెలలు కావాలి. వాళ్ళు రావాలన్న మీ మాట నాకు నచ్చింది. దాన్ని షరతుగా పెడదాం. మన బృందం పోయిన మరుసటి ఏడు అక్కడి బృందం ఇక్కడికి రావాలి, మన రామాలయాల ముందు వాళ్ళ భజన పాడాలి, మనవాళ్ళు దాన్ని అందుకోవాలి.

గురువు: మారిషస్ తెలుగువాళ్ళు ఎక్కువగా కోస్తా నుంచి, ఉత్తరాంధ్ర నుంచి పోయినవాళ్ళు. వాళ్ళ వరుసలు వేరు, మా అడుగులు వేరు. అదీగాక మీరు చెప్పిన నెలల్లో ఆ ద్వీపానికి తుపానుల కాలం. అయినా పాట అందుకునే అలవాటు ఉన్న చోటన్నారు కాబట్టి నా అభ్యంతరంలో పదును తగ్గింది. ఇంకొక భయం మాత్రం ఉంది. తిరిగొచ్చాక ఏమవుతుంది? విదేశం చూసిన కుర్రవాడికి ఊరి జాతర చిన్నగా కనబడొచ్చు. పట్నంలో వేదికలు వెతుక్కుంటాడు. పోనివాళ్ళు చిన్నబోతారు. ఒక బృందం రెండుగా చీలుతుంది. ఊరు అప్పటిదాకా గురువుకు ఇచ్చిన మర్యాద పాస్‌పోర్టు ఉన్నవాడికి పోతుంది. చెక్కభజన ఇంతకాలం నిలిచింది ఊరు దాన్ని తనదనుకోవడం వల్ల. అది కొందరి వృత్తిగా మారిన రోజు మిగతావాళ్ళు చెక్కలు అటక మీద పెట్టేస్తారు. ఈ నష్టానికి మీ ఒప్పందంలో ఏ మాట రాస్తారు?

సారు: వరుసలు వేరు కావడం వల్లనే ఇచ్చిపుచ్చుకోవడానికి సరుకు ఉంటుంది. మీరు వాళ్ళకు చెక్కల అడుగు నేర్పండి, వాళ్ళ దగ్గర ఉన్న పాత పాటలు తెచ్చుకోండి. తేదీలు రెండు పక్షాలూ కూర్చుని పెట్టుకోవాలి, వాతావరణం చూసుకుని ఒక వారం అటూ ఇటూ జరపాలి. మీ చివరి ప్రశ్నకు ఒక్క మాటతో జవాబు లేదు. కాగితం మీద రాయగలిగింది మాత్రం ఉంది. యాత్ర వల్ల వచ్చిన కానుకల్లో ఒక వాటా ఊరి భజన నిధికి పోవాలి. ఆ నిధితో చెక్కలు, గజ్జెలు, హార్మోనియం కొనాలి, కొత్త పిల్లలకు నేర్పే గురువుకు దక్షిణ ఇవ్వాలి. పోయివచ్చిన ప్రతి ఒక్కరూ ఒక ఏడాది పాటు పక్క ఊర్లో కొత్త బృందానికి నేర్పాలి. రెండోసారి పిలుపు వస్తే మొదటిసారి పోనివాళ్ళకే ముందు అవకాశం. ఫిస్క్ వాళ్ళు ఒక భవనం కోసం పాడారు. మీరు ఒక కొత్త బృందం కోసం పాడండి. ఏడాది తిరిగేసరికి కొత్త ఊర్లో గజ్జెపూజ జరగకపోతే, యాత్ర విఫలమైందని నేనే ముందుగా అంటాను.

ఇద్దరి మాటలూ విన్నాక నా అభిప్రాయం దాచను. యాత్ర పక్షానికే నా ఓటు. అయితే ఆ పక్షం గెలిచింది గురువు అభ్యంతరాలను ఒక్కొక్కటిగా తన షరతులుగా మార్చుకున్నాకే. గురువు మొదటి మాట, భజనకు ప్రేక్షకులు ఉండరన్నది, ఈ చర్చకు పునాది. విదేశాల్లో మన కళ అనగానే వేదిక, వెలుతురు, చప్పట్లు అని అలవాటుపడ్డాం. శాస్త్రీయ నృత్యానికీ కచేరీకీ అది సరిపోతుంది. ఎత్తుకోవడం, అందుకోవడం అనే రెండు చేతుల మీద నడిచే భజనకు సరిపోదు. అందుకునేవాళ్ళు లేని చోట అది సగం పాట. లిబర్టీ దుకాణం నాటి గ్రామ ప్రదర్శనలోనూ కఠ్‌పుత్లీ కాలనీ బతుకుల్లోనూ కళాకారులను పిలిచినవాళ్ళు చూడడానికి మాత్రమే పిలిచారు. చూసి, మెచ్చుకుని, ఇంటికి పోయారు. ఫిస్క్ పాటలు, క్లీవ్‌లాండ్‌లో త్యాగరాజ కీర్తనలు నిలిచిపోవడానికి కారణం విన్నవాళ్ళే వాటిని పాడేవాళ్ళు కావడం. యాత్ర మంచిదా చెడ్డదా అని తూచడానికి ఈ ఒక్క కొలత చాలు: బృందం వచ్చేసిన తరువాత అక్కడ ఎంతమంది పాడుతున్నారు, ఇక్కడ ఎంతమంది కొత్తగా నేర్చుకున్నారు.

కరువు సీమలో ఇలాంటి ఖర్చు విలాసమనే మాట మిగులుతుంది. నీళ్ళకూ బడులకూ ఇవ్వాల్సిన ప్రభుత్వ సొమ్ములో ఒక్క రూపాయి కూడా ఈ యాత్రకు అడగకూడదు. పిలిచేవాళ్ళు తమ సొమ్ముతో పిలవాలి. ఆ తరువాత కూడా కరువు ఊరివాళ్ళకు పాట ఎందుకని అడిగేవాళ్ళు, పంట పోయిన ఏడు ఆ ఊళ్ళల్లో మనుషులను ఒక చోట కూర్చోబెట్టేది ఏదో చూడాలి. వలస పోయినవాడు పండుగకు తిరిగి రావడానికి రామాలయం ముందరి భజన ఒక కారణం. ఆ కారణాన్ని బలపరిచే ఏ పనీ విలాసం కాదు.

విదేశాల్లోని తెలుగు సంఘాలకు ఒక విన్నపం. మడకశిర నుంచి గానీ, మరే పల్లె నుంచి గానీ భజన బృందాన్ని పిలవాలనుకుంటే టికెట్లు కొనేముందు మీ ఊర్లో ఇరవై మందిని పోగుచేయండి. ఆ బృందం పాటల రికార్డులు తెప్పించుకుని రెండో చరణం అందుకోవడం నేర్చుకోండి. ఆ ఇరవై మంది సిద్ధమయ్యాకే పిలుపు పంపండి.